గుర్రాలెక్కువ... దారి తక్కువ!

వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఏడు సెకన్లు చాలు. ప్రత్తిపాడు రోడ్డు మీద ఆ వేగంతో వెళ్ళగలిగేది మహా అయితే మరో పది సెకన్లు. ఈలోపు గేదెల మందో, మిర్చి ట్రాక్టరో, కూలీల ఆటోనో ఎదురొస్తుంది. అంత శక్తి ఉన్న కారు ఇలాంటి దారిలో ఆనందాన్నిస్తుందా? ఒకే రోజు, ఒకే రోడ్డు మీద, రెండు కార్లలో తిరిగి చూస్తే...

గుంటూరు దాటి ఏటుకూరు మీదుగా పర్చూరు రోడ్డెక్కితే, కళ్ళు మూసుకున్నా ఏ నెలో చెప్పేయొచ్చు. ముక్కుపుటాలు అదిరాయంటే ఫిబ్రవరి. రెండువైపులా నల్లరేగడి. ఒకపక్క కోతకొచ్చిన మిరప, ఇంకోపక్క కట్టె మాత్రమే మిగిలిన పత్తిచేలు. కల్లాల్లో ఎర్ర దుప్పటి పరిచినట్టు ఆరబోసిన కాయలు. రోడ్డు పక్కన తుమ్మకొమ్మలకు, వెళ్ళే లారీల నుంచి ఊడి చిక్కుకున్న పత్తి పోగులు. పంటనే పేరుగా పెట్టుకున్న ప్రత్తిపాడు ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు.

ఆ రోజు మాత్రం నాకు ఘాటు తెలియలేదు. ఒక్క తుమ్మూ రాలేదు. ఎందుకంటే మా బావ కొత్త కారులో ఉన్నాను. అద్దాలు మూసి ఉన్నాయి. లోపలికొచ్చే గాలిని వడపోసే ఫిల్టరుంది. పాట తప్ప మరో చప్పుడు లేదు.

బావ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కారు మన దేశంలోనే తయారైన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. శక్తి 280 హార్స్‌పవర్ పైచిలుకు. ప్రత్తిపాడుకు అవతల ఉన్న మా అమ్మమ్మ ఊళ్ళో మావయ్యకు చూపించాలని తెచ్చాడు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న వాళ్ళబ్బాయి అప్పటికే ఊళ్ళో ఉన్నాడు. వాడికి కావలసింది ఒక్కటే... ఆ కారు తాళం! ఇవ్వాలా వద్దా అన్నది ఇంట్లో వారం నుంచీ నలుగుతున్న పంచాయితీ.

పుల్లడిగుంట దాటాక రోడ్డు కాస్త ఖాళీగా కనిపించింది. ‘‘చూస్తావా?’’ అన్నాడు బావ. నేను తలూపేలోపే వీపు సీటుకు అతుక్కుపోయింది. నలభై... డెబ్భై... తొంభై అయిదు. కడుపులో గిలిగింత. నిజం చెప్పొద్దూ, బాగుంది!

సరిగ్గా అప్పుడే డొంకలోంచి రోడ్డెక్కిందో ట్రాక్టరు. ట్రక్కు నిండా మిర్చి టిక్కీలు. వాటి మీద క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ. బావ బ్రేకు మీద నిలబడ్డాడు. కారు గడగడమంటూ ట్రక్కుకు నాలుగు బారల దూరంలో ఆగింది. ఆవిడ అరవలేదు. మా వైపు చూస్తూ క్యారేజీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ట్రాక్టరు నడిపే కుర్రాడు మాత్రం తల వెనక్కి తిప్పి, ‘‘ఏందన్నా, అంత తొందరేంది?’’ అనడిగాడు.

జవాబు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. మిగతా దారంతా బావ నలభై దాటలేదు.

పదకొండు నుంచి మూడొందల దాకా

వేగం మీద పెద్దల ఫిర్యాదు కొత్తదేం కాదు. 1985లో యమహా ఆర్‌ఎక్స్100 వచ్చింది. 98 సీసీ ఇంజిను, శక్తి పదకొండు హార్స్‌పవర్. ఆ చప్పుడు వినపడితే అరుగు మీది పెద్దాళ్ళు పిల్లల్ని లోపలికి పిలిచేవాళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు వచ్చిన రాజ్‌దూత్ 350కైతే మరీ చెడ్డపేరు. దాని శక్తి ముప్ఫై హార్స్‌పవర్‌కి అటూ ఇటూ. అదే 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 శక్తి నలభై లోపే. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుపతి కొండ ఎక్కి దిగింది ఆ కాస్త శక్తితోనే.

తర్వాత లెక్కలు ఎలా మారాయో చూడండి. 2013లో కేటీఎం 390 డ్యూక్ బైకు మన మార్కెట్‌లోకి వచ్చింది. దాని శక్తి 43 హార్స్‌పవర్. అంటే నలుగురు కూర్చునే మారుతి కారు కంటే ఎక్కువ శక్తిని, ఆ కారు బరువులో నాలుగోవంతు కూడా లేని బైకుకి పెట్టారన్నమాట! 2017లో స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230తో వచ్చింది. 2024లో వచ్చిన బీవైడీ సీల్ కారులో పైరకానిది 530. సున్నా నుంచి వందకు 3.8 సెకన్లు.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యమేస్తుంది. జపాన్ కార్ల కంపెనీలు 1980ల చివర్లో తమలో తాము ఓ పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. ఎంత గొప్ప స్పోర్ట్స్ కారైనా సరే, తమ దేశంలో అమ్మేటప్పుడు 280 హార్స్‌పవర్ మించిందని చెప్పకూడదన్నది దాని సారాంశం. 2004 దాకా ఆ హద్దు నడిచింది. కార్ల తయారీలో ఆరితేరిన దేశం ‘రోడ్డుకిది చాలు’ అనుకున్న అంకె అది. ఇప్పుడు మా బావ కూరగాయలు తెచ్చుకునే కారు దాన్ని దాటేసింది!

వేగం తెలియని వేగం

‘‘పాత కారులో అరవైలో వెళ్తే వందలో వెళ్తున్నట్టుండేది. ఇందులో వందలో వెళ్ళినా అరవైలా ఉంటుంది’’ అన్నాడు బావ. ఆ మాటను మెచ్చుకోలుగానే అన్నాడు. చిక్కంతా అందులోనే ఉంది.

పాత బండిలో వేగం ఒళ్ళంతటికీ తెలిసేది. ఇంజిను అరిచేది. స్టీరింగు వణికేది. తలుపులు గడగడలాడేవి. గేరు మార్చిన ప్రతిసారీ ‘ఇంకా పెంచనా?’ అని బండి మనల్ని అడిగినట్టుండేది. ఎలక్ట్రిక్ కారులో ఆ ప్రశ్నే లేదు. కాలు పెట్టిన క్షణం నుంచే మోటారు పూర్తి బలంతో లాగుతుంది. గేర్లు మార్చే పనిలేదు, పొగ లేదు, అరుపు లేదు. వెడల్పాటి టైర్లు, మెత్తటి సస్పెన్షన్, చప్పుడు రానివ్వని అద్దాలు కలిసి రోడ్డును మనకు దూరం చేస్తాయి. మనకు తెలియడం లేదు కాబట్టే 2019 జులై నుంచి కొత్త కార్లలో 80 దాటితే బీప్ మోగాలని, 120 దాటితే ఆగకుండా మోగుతూనే ఉండాలని నిబంధన వచ్చింది. ఒకప్పుడు తలుపులు ఉచితంగా చేసిన పని అది!

అలాగని కారు నడపడంలో మజా అంటే వేగమేనా? ఆ రంగంలో తలపండినవాళ్ళే కాదన్నారు. 1989లో మాజ్దా కంపెనీ ఎంఎక్స్-5 అనే చిన్న టాపులేని కారు తెచ్చింది. శక్తి 115కి అటూ ఇటూ, బరువు టన్నులోపు. టాపులేని రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో దాని అమ్మకాలను దాటినది లేదు. 2012లో టయోటా 86 తయారుచేసిన తెత్సుయా తడా ఇంకో అడుగు ముందుకేశాడు. పేరుకు స్పోర్ట్స్ కారే అయినా, పొదుపు కారు ప్రియస్‌కు వాడే తరహా టైర్లు తొడిగాడు. పట్టు తక్కువైతే మలుపులో బండి కదలిక తక్కువ వేగంలోనే చేతికి తెలుస్తుంది. మామూలు మనిషికి మామూలు వేగంలోనే సరదా దొరకాలన్నది ఆలోచన.

దీన్నే మన భాషలో చెప్పుకోవాలంటే... నలభై గుర్రాల్లో ముప్ఫై అయిదింటిని వాడుకోవడం ఆనందం. మూడొందల గుర్రాల్ని కొట్టంలో కట్టేసి, నలభై గుర్రాలతో తిరగడం నిగ్రహం. నిగ్రహం మంచిదే. కానీ డబ్బు పోసి కొనుక్కున్నది దానికోసం కాదు కదా!

ఈ రోడ్డు ఎవరిది?

ప్రత్తిపాడు రోడ్డు సంగతి ఆ రోడ్డు మీద బతికేవాళ్ళకు తెలుసు. కింద ఉన్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఎంత తారు పోసినా ఏడాది తిరిగేసరికి అలలు తేలుతుంది. తొలకరిలో చేలోంచి వచ్చే ట్రాక్టరు చక్రాలు జిగట బురదను తెచ్చి తారు మీద పూస్తాయి. దాని మీద ఏ టైరైనా ఒకటే. మిరప సీజనొస్తే రోడ్డు మార్జినే కొందరికి కల్లం. కర్నూలు వైపు నుంచి కోతలకొచ్చే కూలీలు తెల్లవారుజామునే ఆటోల్లో కిక్కిరిసి కదులుతారు. మసక చీకట్లో వెనక దీపాల్లేని పత్తి ట్రక్కులు, వాటి వెడల్పును మించి బయటికి పొడుచుకొచ్చిన బోరాలు.

ఇప్పుడు లెక్క వేద్దాం. గంటకు వంద కిలోమీటర్లంటే సెకనుకు 28 మీటర్లు. ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికే ఒక సెకను పోతుంది. మంచి పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో అక్కడి నుంచి ఆగడానికి ఇంకో నలభై మీటర్లు. మొత్తం డెబ్భై మీటర్లకు దగ్గర. అదే అరవై వేగంలో అయితే ముప్ఫై పైచిలుకుతో సరిపోతుంది. బ్రేకు తొక్కాక పట్టే దూరం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వర్గంతో పెరుగుతుంది. బావ కారు సున్నా నుంచి వంద అందుకోవడానికి పట్టే దూరం నూరు, నూటపది మీటర్లు. అంటే రెండు డొంకల మధ్య దూరంలో ఆ కారు తన ప్రతాపం చూపించి, మూడో డొంక దగ్గర దేవుణ్ని తలుచుకోవాలి.

2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఇలాంటి మామూలు రోడ్లకు కార్ల గరిష్ఠ వేగం 70. మన కార్ల ప్రతాపం మొదలయ్యేదే అక్కడ! ఆ దాటిన వేగానికి మూల్యం ఎంతో కేంద్ర రవాణా శాఖ నివేదికలోనే ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491. అందులో నూటికి 71 అతివేగం ఖాతాలోనివే. చనిపోయినవాళ్ళలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్ళు.

‘మంచి రోడ్డయితే ఫర్వాలేదు కదా’ అనొచ్చు. 2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్‌రోడ్డు మీద వెయ్యి సీసీ బైకు ప్రమాదానికి గురై, క్రికెటర్ అజారుద్దీన్ కుమారుడు అయాజుద్దీన్ చనిపోయాడు. వయసు 19. 2017 మేలో జూబ్లీహిల్స్‌లో శక్తిమంతమైన బెంజ్ కారు మెట్రో స్తంభాన్ని ఢీకొన్న ఘటనలో అప్పటి మంత్రి నారాయణ కుమారుడు నిషిత్, అతడి స్నేహితుడు మరణించారు. అవేవీ గతుకుల రోడ్లు కావు. బండ్లూ నాసిరకానివి కావు.

మన ప్రత్తిపాడు మండలంలోనూ ‘మంచి రోడ్డు’ ఉంది. తుమ్మలపాలెం, నడింపాలెం మీదుగా వెళ్ళే చెన్నై జాతీయ రహదారి. ఆరు వరుసలు. అక్కడైనా గట్టిగా వెళ్తే ఏముంది? తిన్నటి గీత మీద యాక్సిలరేటరు తొక్కిపట్టి కూర్చోవడమే. అయిదు నిమిషాల్లో అదీ అలవాటైపోతుంది. పైగా ఎదురుదారిన వచ్చే మోపెడ్లు, డివైడరు సందులోంచి పచ్చగడ్డి మోపుతో దాటే మనుషులు అక్కడా ఉంటారు.

అయితే బావ వాదననూ కొట్టిపారేయలేం. ‘‘ఎదురుగా లారీ వస్తుందనగా ట్రాక్టరును దాటాలి. నాన్న మారుతిలో ఎంతసేపు రాంగ్‌సైడులో ఉండాలి? నా కారులో రెండు సెకన్లు చాలు. పైగా ఏబీఎస్ ఉంది, ఎయిర్‌బ్యాగులున్నాయి. పొద్దున మనల్ని కాపాడింది అవే కదా’’ అన్నాడు. నిజమే. పాత మారుతిలో ఆ రెండూ లేవు. గట్టి ప్రమాదం జరిగితే అందులో ఉండటం కంటే బావ కారులో ఉండటమే నయం. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

కాకపోతే ఒక్క మాట. ఆ ఎయిర్‌బ్యాగులు లోపలున్న మా ఇద్దరికి. టిక్కీల మీద కూర్చున్న ఆవిడకు ఏముంది? ఆ ఉదయం మా గిలిగింత మాది, దాని ఖరీదులో సగం ఆవిడది.

బండలాగుడుకు బరి ఉంది... మరి కారుకు?

బలాన్ని చూసి మురిసిపోవడం మనకు తెలియని విద్యేం కాదు. ఒంగోలు గిత్తల గడ్డ ఇది. సంక్రాంతి, శివరాత్రి వచ్చాయంటే ఊరూరా ఎడ్ల బండలాగుడు పోటీలు. నిర్ణీత సమయంలో జత ఎంత దూరం బండను లాగిందన్నదే లెక్క. ఈలలు, కేకలు, పందెపు ఎడ్లకు పేర్లు, ఫ్లెక్సీలు. కానీ గమనించారా? దానికో బరి ఉంటుంది. చుట్టూ కంచె ఉంటుంది. పందెపు గిత్తల్ని బండికి కట్టి బజారులో ఉరికించే రైతు ఎవరూ ఉండరు.

కార్లకూ బరులున్నాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేసింగ్ ట్రాక్ ఉంది. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో 2011లో బుద్ధ్ సర్క్యూట్ వచ్చింది. తెలుగునేల మీదా ఆ ముచ్చట తీరింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పోటీ జరిగింది. 2.8 కిలోమీటర్ల దారిని మామూలు రాకపోకలకు మూసేసి, పొడవునా కాంక్రీటు గోడలు, ఇనుప వలలు కడితే తప్ప ఆ వేగాన్ని ఊళ్ళోకి రానివ్వలేదు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది.

ప్రత్తిపాడు నుంచి చెన్నై బరి నాలుగు వందల కిలోమీటర్ల దూరం. కాబట్టి ఇక్కడి కుర్రాడికి వేగం చూడాలనిపిస్తే దొరికేది ఊరి రోడ్డే. తప్పంతా వాడి మీదికి నెట్టేసేముందు ఈ సంగతీ ఆలోచించాలి.

మళ్ళీ అదే రోడ్డు

సాయంత్రం మావయ్య గుంటూరు మిర్చి యార్డులో పని ఉందంటూ బయల్దేరదీశారు. 1997లో కొన్న మారుతి 800. నంబరు ప్లేటు మీద ఇంకా ‘ఏపీ 7’ ఉంది. రాష్ట్రమంతటికీ ఒకే 39 నంబరు వచ్చాక అదిప్పుడు గుంటూరు వాళ్ళకు పాత చిరునామా లాంటిది. చోక్ లాగి, రెండుసార్లు దగ్గించి స్టార్ట్ చేశారు.

ఏసీ లేదు. ప్రత్తిపాడు సెంటరు దాటేసరికే నాకు మూడు తుముళ్ళు! పత్తికట్టె మోపులు కట్టుకుంటున్న మనుషులు కనిపించారు. కల్లంలో కాయ తిరగేస్తున్న ఒకాయన ‘‘రేటెట్టుందంట?’’ అని రోడ్డు మీది నుంచే అడిగాడు. మావయ్య రెండో గేరులోకి వచ్చి జవాబు చెప్పి మరీ కదిలారు. మూడో గేరులో ఇంజిను గట్టిగా పాడుతోంది. మలుపులో స్టీరింగు బరువు చేతులకు తెలుస్తోంది. ముందున్న ఆటోను దాటడానికి పావు కిలోమీటరు నుంచే పథకం వేశారాయన. ఎదురుగా ఖాళీ చూసి, గేరు తగ్గించి, హారన్ కొట్టి దాటాక ముఖంలో చిన్న నవ్వు. స్పీడోమీటరు చూస్తే... అరవై రెండు!

పొద్దున బావ కారులో ప్రత్తిపాడు చేరడానికి పట్టింది 27 నిమిషాలు. సాయంత్రం మావయ్య కారులో తిరుగుదారికి 32. మూడొందల గుర్రాలకూ నలభై గుర్రాలకూ మధ్య ఈ రోడ్డు ఇచ్చిన తేడా అయిదు నిమిషాలు.

‘‘ఇంత పాతదాన్ని ఇంకా ఎందుకు మావయ్యా, అమ్మేయొచ్చుగా?’’ అన్నాను ఉండబట్టలేక.

‘‘దీన్ని ఎంత తొక్కినా నా చేతిలోనే ఉంటుంది అల్లుడూ. వాడి బండి అట్టా కాదు. నువ్వు దాని చేతిలో ఉంటావు’’ అన్నారాయన.

రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ మళ్ళీ మొదలైంది. ఈసారి బావ ఎక్కువ మాట్లాడలేదు. పొద్దున జరిగింది ఇంట్లో చెప్పొద్దని నన్ను బతిమాలినవాడు, తనే చెప్పేశాడు. అక్కయ్య కంచంలో చెయ్యి కదపలేదు. కాసేపయ్యాక కొడుకుతో, ‘‘తాళం ఇస్తారా. కానీ ముందు ఈ సెలవులు అయ్యేదాకా తాతయ్య మారుతి నడుపు’’ అన్నాడు బావ. వాడి ముఖం మాడిపోయింది. ఫ్రెండ్స్‌కి ఫొటో పెట్టడానికి పనికొచ్చే బండి కాదు మరి!

తెల్లారి తాతామనవళ్ళు యార్డుకు బయల్దేరారు. గేటు దాటేలోపు బండి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి గేరు గర్రుమంది. మూలమలుపు దాకా మావయ్య కేకలు వినబడుతూనే ఉన్నాయి.

పదకొండింటికి తిరిగొచ్చారు. చొక్కా చెమటకు తడిసి, కళ్ళు మిర్చి ఘాటుకు ఎర్రబడి, వాడు వసారాలో కూలబడ్డాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

‘‘పుల్లడిగుంట దగ్గర లారీని దాటించా నాన్నా! అరవై అయిదు! అబ్బ... భయమేసింది తెలుసా!’’

బావ జేబులో కొత్త కారు తాళం తడుముకుని, మళ్ళీ అలాగే వదిలేశాడు.